నోటి మాట: దాని బలం, దాని బరువు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'మాటకున్న శక్తి, క్రైస్తవ దృష్టిలో'. ఈ హాల్లో అన్ని మతాలవాళ్లూ కూర్చున్నారు. అందుకని చర్చిలో చెప్పినట్టు చెప్పను. మాట గురించి బైబిల్లో ఏముంది, దాన్ని నమ్మినవాళ్లు మన తెలుగు నేల మీద ఎలా నడుచుకున్నారు అనే రెండు సంగతులే మీ ముందు పెడతాను. ఎవరి నమ్మకం వాళ్లది. నాలుక మాత్రం అందరికీ ఉంది, పైగా దానికి నరం లేదంటారు.

మన ఈ చుట్టుపక్కల అంతా మాట మీద నడిచే చోటే. లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డులో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలైన ఆ కాలేజీ 1973లో హైదరాబాదుకు వచ్చింది. లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, మెథడిస్టు సంఘాలు వేరువేరైనా పాస్టర్లను తయారుచేయడానికి అక్కడ ఒక్కటయ్యాయి. అక్కడ చదివేవాళ్లకు ప్రసంగం చేయడం ఒక పాఠ్యాంశం. ఇటు వస్తే చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, అక్కడ పాటా మాటా రెండూ వినిపిస్తాయి. ఆ పక్కన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు, అక్కడ డైలాగుకు ఈలలు పడతాయి. సిటీ సెంట్రల్ లైబ్రరీలో మాట్లాడటమే నిషేధం. అశోక్‌నగర్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా కోచింగ్ సెంటర్లలో పాఠాలు. ముషీరాబాద్ వైపు గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను మందిరం. నారాయణగూడలో క్రైస్తవ శ్మశానవాటిక, అక్కడ మాటలన్నీ ఆగిపోతాయి. ఇన్ని రకాల మాటల మధ్య పెరిగిన పిల్లలం మనం.

ఇప్పుడు అసలు సంగతి. మాటకు శక్తి ఉందని ఈ మధ్య చాలామంది చెబుతున్నారు. 'పాజిటివ్‌గా మాట్లాడు, పాజిటివ్‌గానే జరుగుతుంది' అంటారు. క్రైస్తవుల్లోనూ కొందరు బోధకులు ఇదే చెబుతారు. నోటితో గట్టిగా ప్రకటిస్తే రోగం పోతుందని, అప్పు తీరుతుందని, ఉద్యోగం వస్తుందని. సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో జీవమూ మరణమూ నాలుక చేతిలో ఉన్నాయనే భావం వస్తుంది. దాన్నే ఆధారంగా చూపిస్తారు.

ఇందులో కొంత నిజం ఉంది. నిరాశగా మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్లవాడికీ, ఆశగా మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్లవాడికీ తేడా ఉంటుంది. మన పెద్దవాళ్లు ఇంట్లో 'అశుభం పలకొద్దు, తథాస్తు దేవతలుంటారు' అనేది అందుకే. కానీ ఈ బోధలో ఒక ప్రమాదం ఉంది. కేన్సరుతో మంచాన పడ్డ మనిషి దగ్గరకు వెళ్లి 'బాగైపోయానని ప్రకటించు' అంటారు. బాగవకపోతే? 'నువ్వు విశ్వాసంతో పలకలేదు' అంటారు. అంటే రోగం ఉన్నదే కాక, రోగం పోకపోవడం కూడా రోగి తప్పే అవుతుంది. బాధలో ఉన్న మనిషి మీద ఇంకో బరువు పెట్టే మాట అది. బైబిలు చెప్పే మాట శక్తి ఇది కాదని నా ఉద్దేశం.

బైబిలు మొదటి పుటలోనే దేవుడు మాటతో లోకాన్ని చేశాడని ఉంటుంది. వెలుగును పిలిచాడు, వెలుగు వచ్చింది. హెబ్రీ భాషలో 'దాబార్' అనే పదానికి మాట అనీ, పని అనీ, సంగతి అనీ అర్థాలున్నాయి. మాటకూ చేతకూ మధ్య ఆ భాషలో గోడ లేదన్నమాట. యోహాను సువార్త కూడా ఆదిలో ఉన్నది వాక్యమేనని మొదలై, ఆ వాక్యం మనిషిగా పుట్టి మన మధ్య నివసించిందని చెబుతుంది. అంటే దేవుడు ఊరికే పలికి ఊరుకోలేదు, పలికినదానికి తానే వచ్చి నిలబడ్డాడు అని క్రైస్తవుల నమ్మకం.

నాకు అర్థమైనంతలో క్రైస్తవ దృష్టిలో మాటకున్న బలం ఇక్కడే ఉంది. పలికినవాడు ఆ మాటకు కట్టుబడాలి, విన్నవాడు ఆ మాట వల్ల తలెత్తి నిలబడగలగాలి. ఈ రెండూ ఉంటే అది బలమైన మాట. ఈ రెండూ లేకపోతే ఎంత గట్టిగా, ఎంత అందంగా పలికినా గాలే.

మొదటిది చూద్దాం, కట్టుబడటం. న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయంలో యెఫ్తా అనే సేనాని కథ ఉంది. యుద్ధంలో గెలిస్తే, ఇంటికి వచ్చినప్పుడు తనకు మొదట ఎదురొచ్చినదాన్ని అర్పిస్తానని మొక్కుకున్నాడు. గెలిచి వచ్చాడు. ఎదురొచ్చింది అతని ఒక్కగానొక్క కూతురు. ఎవరూ అడగని మొక్కు, ఆవేశంలో అన్న మాట, బిడ్డ బతుకును మింగింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మనం అంటాం కదా. అందుకే ప్రసంగి గ్రంథం మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే నయమంటుంది. మత్తయి 5వ అధ్యాయంలో యేసు ఇంకా సూటిగా చెప్పాడు. ఒట్లు పెట్టుకోవద్దు, అవునంటే అవునుగా, కాదంటే కాదుగా ఉండాలి అన్నాడు. మామూలు మాటకే ఒట్టుకున్నంత విలువ ఉంటే ఒట్టుతో పనేముంది?

ఇలా మాటకు కట్టుబడిన ఒక కథ మన ఒంగోలులో జరిగింది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో నడిపిన మిషనుకు చాలా ఏళ్లు ఫలితం కనబడలేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో, ఈ మిషను మూసేద్దామా అని చర్చ వచ్చింది. గోడ మీద పటంలో ఎక్కడో దూరంగా ఒంటరిగా కనబడే నెల్లూరును చూపించి ఒకాయన 'ఒంటరి నక్షత్రం' అన్నాడు. ఆ రాత్రే శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ పేరు మీద ఒక పద్యం రాశాడు. మర్నాడు దాన్ని చదివి వినిపిస్తే అక్కడున్నవాళ్ల మనసు మారి మిషను నిలిచింది. మూసేయడానికి వాడిన మాటే నిలబెట్టడానికి పనికొచ్చింది.

ఆ సంగతి తర్వాత 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు. ఈ ఊరికి ఒక బోధకుడిని పంపమని అడిగారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఏళ్లు గడిచాయి, ఎవరూ రాలేదు. 1862లో జబ్బుపడి అమెరికా వెళ్లిన జ్యూయెట్‌ను మళ్లీ అడిగారు, ఈ మిషను మానేద్దామా అని. మీరు పంపినా పంపకపోయినా నేను తెలుగువాళ్ల దగ్గరకే తిరిగి వెళతాను, అక్కడే బతుకుతాను, అక్కడే చస్తాను అని ఆయన చెప్పాడు. అలాగైతే నిన్ను పూడ్చిపెట్టడానికైనా ఇంకొకరిని తోడు పంపాలి కదా అని అక్కడి కార్యదర్శి అన్నాడట. అలా తోడు వచ్చినవాడే జాన్ క్లౌ. 1865లో వచ్చి, మరుసటేడు ఒంగోలు చేరాడు. మనవాళ్లు క్లౌ దొర అనేవారు.

అదే 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. కరపత్రాలు లేవు, మైకులు లేవు. వెళ్లిన ఊరల్లా తనవాళ్ల మధ్య కూర్చుని తను విన్నది చెప్పాడు. అలా నోటి నుంచి నోటికి ఆ మాట వందల పల్లెలకు చేరింది. ఇలాంటి మనుషుల నోట విన్న కథలను క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లిషులో ఒక పుస్తకంగా వేశారు.

తర్వాత 1876లో పెద్ద కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. అప్పుడు వేలాదిమంది క్రైస్తవంలో చేరతామని వచ్చారు. మిషను చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆయన ఆ సమయంలో చేసిన పని. ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనే లేదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. కడుపు కాలుతున్న మనిషి నోటి నుంచి 'నమ్ముతున్నాను' అనే మాట రాబట్టడం సులువు. అన్నం పెట్టే చెయ్యి అడిగితే ఏమైనా అంటారు. అలా వచ్చిన మాటకు పలికినవాడిని కట్టేయడం న్యాయం కాదు. సహాయం ఆగిపోయాక కూడా వాళ్లు వస్తూనే ఉంటే అప్పుడు తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. క్లౌ దొర గట్టునే ఉన్నాడు.

సంఖ్య గురించి అందరూ చెబుతారు. నాకు ఆ ముందు గడిచిన మౌనమే పెద్దదనిపిస్తుంది. ఎదుటివాడి మాటకు విలువ ఇవ్వడమంటే, అతను స్వేచ్ఛగా పలికే దాకా ఆగడం. మతం విషయంలోనే కాదు, పిల్లలతో 'సారీ చెప్పు, చెప్పు' అని బెత్తం పట్టుకుని పలికించే ప్రతి చోటా ఇది వర్తిస్తుంది.

మన పేటకు దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. హెబ్రోను పేరు వినగానే బఖ్త్‌సింగ్ గుర్తొస్తారు. 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగు చదవడానికి 1926లో ఇంగ్లండు వెళ్లేటప్పుడు, అక్కడ మతం మారిపోతాడేమోనని ఇంట్లో భయపడ్డారు. మారనని నమ్మకం కలిగించి బయలుదేరారు. కెనడాలో చదువుతుండగా 1929లో ఆయన క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చారు. 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు తల్లిదండ్రులు ఎదురొచ్చారు. కుటుంబ గౌరవం కోసం ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని బతిమాలారు. మనసులో ఎలా ఉన్నా సరే, బయటికి మాట్లాడకుంటే చాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్లు ఆయన్ను అక్కడే వదిలి వెళ్లిపోయారు.

ఇక్కడ ఆ తల్లిదండ్రుల వైపు నుంచి కూడా చూడాలి. వాళ్లకు ఇచ్చిన నమ్మకం పోయింది, వాళ్ల బాధ నిజమైనది. మాటకు కట్టుబడటం తేలికైన లెక్క కాదనడానికే ఈ సంగతి చెప్పాను. బఖ్త్‌సింగ్ ఆ రోజు ఇంకో మాట ఇచ్చి మోసం చేయొచ్చు. సరేనని తలూపి, ఇంటికి వెళ్లి, ఆస్తి తీసుకుని, ఆ తర్వాత తన దారి తాను చూసుకోవచ్చు. అలా చేయకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పి, దాని ఖరీదు తనే కట్టారు. తర్వాతి కాలంలో ఆయన తండ్రి కూడా ఆ విశ్వాసంలోకి వచ్చాడు.

1950లో బఖ్త్‌సింగ్ హైదరాబాదు వచ్చి హెబ్రోనును స్థాపించారు. ఆయనకు తెలుగు మాతృభాష కాదు. ఇంగ్లిషులో మాట్లాడుతుంటే పక్కన ఒకరు నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెప్పేవారు. ఉపన్యాస కళ తెలిసినవాళ్లకు ఇది ఎంత ఇబ్బందో తెలుసు. ఊపు వచ్చేలోగా ఆగాలి, నవ్వు వచ్చేలోగా అనువాదం కావాలి. అయినా గంటల తరబడి జనం చాపల మీద కూర్చుని విన్నారు. ఆరాధన తర్వాత కులం అడగకుండా అందరూ ఒకే బంతిలో భోజనం చేసేవారు. దాన్ని ప్రేమ విందు అంటారు. వేదిక మీద విన్నది అరగంటలో పంక్తిలో కనబడితే, ఆ మాటకు అనువాదం అక్కర్లేదు. 2000 సెప్టెంబరు 17న ఆయన కన్నుమూశారు. జన సముద్రం వెంట రాగా ఆయన్ను నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేశారు. మనలో చాలామంది రోజూ ఆ గోడ పక్కనుంచే బస్సులో వెళతాం.

ఇక రెండోది, విన్నవాడు తలెత్తి నిలబడటం. ఇది గురువులకూ మనకూ ఇంకా దగ్గరి సంగతి.

నాలుక గురించి బైబిల్లో ఎక్కువగా చెప్పుకునేది యాకోబు పత్రిక 3వ అధ్యాయం. గుర్రం నోట్లో చిన్న కళ్లెం, ఓడకు చిన్న చుక్కాని, అడవిని తగలబెట్టే చిన్న నిప్పురవ్వ, ఈ పోలికలన్నీ అక్కడివే. అయితే ఆ అధ్యాయం మొదటి వచనాన్ని చాలామంది దాటేస్తారు. మీలో ఎక్కువమంది బోధకులు కావద్దు, బోధించేవాళ్లకు తీర్పు మరింత కఠినంగా ఉంటుంది అని అక్కడ ఉంది. అంటే నాలుక గురించి ఆ అధ్యాయమంతా ముందుగా చెప్పింది పాఠం చెప్పేవాళ్లకే! నవ్వకండి సార్, మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ మాటకు ఎంత బరువుందో అంత పాత పుస్తకం కూడా గుర్తించిందని చెబుతున్నాను. కూరగాయల బేరంలో ఎవరో అన్న మాట సాయంత్రానికి మరిచిపోతాం. తరగతిలో టీచరు అన్న మాట అరవై ఏళ్లకూ మరిచిపోం. ఈ హాల్లో ఎవరిని లేపి అడిగినా 'ఫలానా సారు నన్ను ఇలా అన్నారు' అని తేదీతో సహా చెబుతారు. మంచి మాటైనా, చెడ్డ మాటైనా.

తరగతిలో నష్టం చేసే మాటలు మూడు రకాలు. మొదటిది యాసను వెక్కిరించడం. యెఫ్తా కథ జరిగిన వెంటనే, 12వ అధ్యాయంలో, ఇంకో భయంకరమైన సంగతి ఉంది. యొర్దాను రేవు దగ్గర గిలాదువాళ్లు కాపలా కాశారు. దాటడానికి వచ్చిన ప్రతివాణ్నీ 'షిబ్బోలెతు' అనమన్నారు. ఎఫ్రాయిమువాళ్లకు 'షి' పలకదు, 'సి' వస్తుంది. 'సిబ్బోలెతు' అన్నవాణ్ని అక్కడికక్కడే చంపేశారు. అలా పోయినవాళ్లు 42,000 మంది అని రాసి ఉంది. ఒక్క అక్షరం తేడా! పేతురు కూడా, యేసును పట్టుకున్న రాత్రి, నిప్పు దగ్గర చలి కాచుకుంటుంటే మాట తీరును బట్టి గలిలయ ప్రాంతంవాడని దొరికిపోయాడు. మన హైదరాబాదులో యాస పేరుతో ఎవరూ ఎవరినీ చంపలేదు గాని, ఎంతమంది పిల్లల నోళ్లు మూయించామో లెక్కలేదు. పల్లె నుంచి వచ్చిన పిల్ల 'గట్ల', 'ఏంది' అంటే తరగతంతా నవ్వేది. సినిమాల్లో ఆ యాస జోకర్‌కో రౌడీకో పెట్టేవాళ్లు. ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తి ప్రశ్న అడగదు. ఇప్పుడు సినిమాల్లో కొంత మారింది. తరగతిలో కూడా మారిందా అన్నది ఇప్పటి టీచర్లు చెప్పాలి.

రెండోది, పేరుకు బదులు ఇంకోటి పెట్టి పిలవడం. నల్లోడా, పొట్టోడా, నత్తోడా, లాస్ట్ బెంచీ, ఇంకా ఘోరంగా కులం పేరు. పెట్టినవాళ్లు సరదా అంటారు. పడినవాళ్లకు అది పేరు మీద పేరు. పేరుతో పిలవడం అనేది బైబిల్లో చాలా పెద్ద విషయం. యోహాను 10వ అధ్యాయంలో మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని ఉంది. 20వ అధ్యాయంలో, సమాధి దగ్గర ఏడుస్తున్న మరియ ఎదురుగా నిలబడ్డ యేసును తోటమాలి అనుకుంది. ఆయన ఆమెను పేరుతో పిలిచాడు. అప్పుడు గుర్తుపట్టింది. ముఖం చూసి గుర్తుపట్టనిది పిలుపు విని గుర్తుపట్టింది. మనకు ప్రతి పొద్దున హాజరు పట్టీ తీసినప్పుడు దొరికేది అదే. నలభై, యాభై పేర్లలో మన పేరు కూడా ఒకటి. మన కోసం ఒక క్షణం ఆగుతారు. 'యెస్ సార్' అంటాం. చాలామంది పిల్లలకు ఆ రోజు మొత్తంలో ఒక పెద్ద మనిషి గౌరవంగా తన పేరు పలికేది ఆ ఒక్కసారే కావచ్చు.

మూడోది, ముద్ర వేయడం. 'నువ్వు ఎందుకూ పనికిరావు' అని. ఇది జోస్యంలా వినబడుతుంది. ఇందాక అనుకున్న 'ప్రకటిస్తే జరుగుతుంది' అనేదానికి ఇది నల్ల వైపు. పిల్లవాడు నమ్మితే అది జరిగే ప్రమాదం ఉంది.

ఈ ముద్రల సంగతి ఇప్పుడు బడి దాటి అశోక్‌నగర్ వీధుల్లోకి వచ్చింది. అక్కడ ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండి, గ్రూప్స్‌కో, కానిస్టేబులుకో, డీఎస్సీకో చదువుతుంటారు. ఇరవై రెండేళ్లప్పుడు వచ్చినవాళ్లు ముప్ఫై దాటినా ఉంటారు. నోటిఫికేషను కోసం, కోర్టు కేసు తేలడం కోసం, ఫలితం కోసం ఎదురుచూపులు. లైబ్రరీలో సీటు కోసం తెల్లారకముందే బ్యాగు పెడతారు. రాత్రి ఇంటి నుంచి ఫోను వస్తుంది. 'ఈసారైనా వస్తదా?' ప్రేమతో అడిగిందే. కానీ ఆ 'ఈసారైనా' అనే మాట ఆ గదిలో రాత్రంతా తిరుగుతుంది. ఆ ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు మనం చదివాం. ఊరికే చదివి పక్కన పెట్టే వార్తలు కావవి. మన పక్క వీధి పిల్లలు.

వాళ్లతో ఏం మాట్లాడాలి? బైబిల్లో రెండు దృశ్యాలు నాకు దారి చూపిస్తాయి. ఒకటి యోబు గ్రంథంలోది. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా పుండ్లతో కూర్చున్న యోబు దగ్గరకు ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు రోజులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని అంతవరకే. ఆ తర్వాత నోరు తెరిచి, నువ్వేదో తప్పు చేసి ఉంటావని వాదించడం మొదలుపెట్టారు. గ్రంథం చివర దేవుడు వాళ్ల మీద కోప్పడ్డాడు.

రెండోది 1 రాజులు 19వ అధ్యాయం. ఏలీయా ప్రవక్త అంతటివాడు అలసిపోయి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని ఒక చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత వచ్చి ఏం చెప్పాడు? ధైర్యం తెచ్చుకో అనలేదు, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను చూడు అనలేదు. లేచి తిను అన్నాడు. వేడి రొట్టె, నీళ్లు పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు మళ్లీ తినమని, నీ ప్రయాణం నీ శక్తికి మించినది అన్నాడు. ఆ మాటలో నింద లేదు. నువ్వు బలహీనుడివని అనలేదు, దారి పెద్దదని ఒప్పుకున్నాడు. పరీక్ష పోయిన పిల్లవాడితో అనాల్సింది ఇదే అనుకుంటాను. 'తిన్నావా?' 'నిద్రపోతున్నావా?' 'ఈ దారి కష్టమైనదే బిడ్డా, ఇంటికొచ్చి నాలుగు రోజులుండు, పోస్టు వచ్చినా రాకున్నా నువ్వు మా పిల్లవాడివే.' ఇందులో పెద్ద పదం ఒక్కటి కూడా లేదు. కానీ ఒక ప్రాణం నిలబడొచ్చు. అయితే ఈ మాట అన్నవాళ్లు కట్టుబడాలి కూడా. నాలుగు రోజులుండమని పిలిచి, మూడో రోజు పక్కింటి అబ్బాయి ఉద్యోగం గురించి ఎత్తకూడదు.

ఈ సభకు పనికొచ్చే మూడు సంగతులు చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఇక్కడ మన గురువులు కూర్చున్నారు. వాళ్లు అన్న ఒక మంచి మాట మీ బతుకులో నిలిచి ఉంటే, ఈ రోజే వెళ్లి వాళ్లతో చెప్పండి. ఏ సంవత్సరం, ఏ తరగతి, ఏ మాట అని చెప్పండి. పాఠం చెప్పినవాళ్లకు తమ మాట ఎక్కడ మొలిచిందో చాలాసార్లు తెలియదు. సంతాప సభలో చెప్పే మాట చక్కగానే ఉంటుంది గాని, వినాల్సినవాళ్లు వినరు.

రెండు. బడిలో ఎవరినైనా మారుపేరు పెట్టి ఏడిపించి ఉంటే, ఆ మనిషి కూడా ఈ హాల్లోనే ఉండొచ్చు. ఇన్నేళ్ల తర్వాత అసలు పేరుతో, గారు చేర్చి పిలవండి. క్షమాపణకు ఉపన్యాసం అక్కర్లేదు.

మూడు. స్వర్ణోత్సవం కదా, ఇంకాసేపట్లో ఈ మైకు దగ్గరకు వచ్చి చాలామంది విరాళాలు ప్రకటిస్తారు. గదులకు, కంప్యూటర్లకు, పేద పిల్లల ఫీజులకు. చప్పట్లు కొడతాం. 15వ కీర్తనలో, దేవుని సన్నిధిలో ఉండదగినవాడు ఎవరనే ప్రశ్నకు చెప్పిన లక్షణాల్లో ఒకటి, తనకు నష్టం వచ్చినా ఇచ్చిన మాట తప్పనివాడు అని. కాబట్టి రెండు లక్షలు ప్రకటించి ఇరవై వేలు పంపేకంటే, ఇరవై వేలు ప్రకటించి ఇరవై వేలు పంపండి. ఆ డబ్బు వస్తుందని నమ్మి ఒక పిల్లకు ఫీజు కడతామని హెడ్‌మాస్టరు గారు మాట ఇచ్చి ఉంటారు. మన మాట పోతే ఆయన మాట పోతుంది. ఆయన మాట పోతే ఆ పిల్ల చదువు ఆగుతుంది. కార్యవర్గానికి నా విన్నపం ఒకటే: ఈ రోజు ప్రకటించినవి, వచ్చే ఏడాది సమావేశం నాటికి అందినవి, రెండూ ఒకే కాగితం మీద వేసి అందరికీ పంపండి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మనది పెద్ద ఊరు, కోటి నోళ్ల ఊరు. అందులో మన బడి నుంచి వెళ్లిన నోళ్లయినా మంచివని అనిపించుకుందాం.